నూట ఇరవై ఏడుకు బొట్టు

ఉప్పలకుర్తి మున్సిపాలిటీలో పని మీద బయటికి పంపిన ప్రతి మనిషీ నుదుటి మీద ఒక అంకెతో తిరిగి వచ్చేవాడు. సున్నా అయితే పని అయినట్టు. ఒకటి అయితే ఏదో తేడా జరిగినట్టు. రెండు అయితే పంపినవాళ్ళు పని సరిగ్గా చెప్పలేదని అర్థం. ఈ అంకె మీద పై అధికారులకు సదభిప్రాయం లేదు. నూట ఇరవై ఆరు అంటే మనిషి వెళ్ళాడు గానీ ఆ పని చేసే అధికారం అతనికి లేదు. నూట ఇరవై ఏడు అంటే అసలు అలాంటి మనిషే లేడు. అప్పుడు మనిషి రాడు. అంకె ఒక్కటే నుదురంత ఎత్తున గాలిలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది.

నియమావళి ప్రకారం పంపినవాడు ముందు నుదురు చూడాలి, ఆ తర్వాతే మాట వినాలి. కానీ ఎండన పడి వచ్చిన మనిషిని మొహం మీదే నువ్వు తప్పావనడం మర్యాద కాదని ఆఫీసులో అందరికీ అనిపించేది. అందుకని ఒక మంచి ఆచారం పెట్టుకున్నారు. వెళ్ళొచ్చిన వాళ్ళకు గుమ్మంలోనే అటెండరు ఆదెమ్మ దిష్టి తీసి బొట్టు పెడుతుంది. ఒంటి అంకెకు చిన్న బొట్టు, మూడంకెలకు బొటనవేలితో అడ్డబొట్టు. అంకె కనబడకపోతే సున్నాగా భావించాలని అప్పటికే ఒక సర్క్యులర్ ఉంది కనుక చిక్కేమీ రాలేదు.

మాటలకూ ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు ఫలితాన్ని అధికారి కుడి చెవిలో, ఫిర్యాదును ఎడమ చెవిలో చెప్పాలి. ఇంజనీరు పానకాలరావు ఎడమ చెవిలో దూది పెట్టుకుంటారు. చెవిపోటు ఏమీ లేదు. దూది ఆఫీసే ఇస్తుంది.

సువార్త ఆ ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కావడంతో, చేరగానే నియమావళి మొత్తం చదివేసింది. ఆ సంగతి తెలిసి తోటివాళ్ళు కొంచెం జాలిపడ్డారు. ఆమెకు అప్పజెప్పింది ఉదయం నీళ్ళ కార్యక్రమం. ముందు ట్యాంకు కడిగేవాణ్ణి పిలిచి పంపాలి, అతను తిరిగి వచ్చాక క్లోరిన్ కలిపేవాణ్ణి, అతను వచ్చాక వాల్వు తిప్పే ముత్యాలును. ఆ నీళ్ళు చివరికి చేరేది సువార్త వాళ్ళ పేటకే. ఆ వారం పేటలో ఇంటికొకరు వాంతులతో పడుకుని ఉన్నారు. వాళ్ళ అక్క చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చి ఉంది. బిడ్డకు డబ్బాపాలు.

ఆ ఉదయం ట్యాంకు కడిగినవాడు సున్నాతో వచ్చి, చిన్న బొట్టు పెట్టించుకుని కూర్చున్నాడు. సువార్త క్లోరిన్ కలిపేవాణ్ణి పిలిచింది. కాసేపటికి గాలిలో నూట ఇరవై ఏడు వచ్చింది. క్లోరిన్ కలిపే సాంబయ్య రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ కాలేదు. రోజూ వచ్చేది ఆ అంకే.

"దా నాయనా, ఎండన పడొచ్చావు," అంటూ ఆదెమ్మ గాలిలోనే అడ్డబొట్టు పెట్టింది. బొట్టు వెళ్ళి బెంచీ మీద సాంబయ్య చోటులో కూర్చుంది.

సువార్త ముత్యాలును పిలవలేదు.

"ఏందమ్మాయ్, ఆగింది?" అన్నారు పానకాలరావు.

"నూట ఇరవై ఏడొచ్చింది సార్. క్లోరిన్ కలపలేదు."

"నాకు బొట్టే కనపడతా ఉంది."

"బొట్టు పెట్టకముందు చూశాను సార్."

"ముందెందుకు చూశావమ్మా? ఆదెమ్మ పని ఆదెమ్మని చేసుకోనియ్యి. నీళ్ళు ఆగితే నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తయ్. క్లోరిన్ ఆగితే ఒక్క ఫోనన్నా వచ్చిందా ఇంతవరకూ?"

"మా పేటలో వాంతులవుతున్నయ్ సార్."

ఇది ఫిర్యాదు కనుక ఆమె పద్ధతిగా ఎడమ వైపుకు వెళ్ళి చెప్పింది. పానకాలరావు తల ఊపారు. ఎడమ వైపు చెప్పినవాటికి ఆయన ఎప్పుడూ తల ఊపుతారు. ఆగిన కార్యక్రమం కేసి చూసి, "పోనీ నువ్వే పోయి కలిపిరా," అన్నారు. "నేనొద్దన్నానా?"

సువార్త వెళ్ళింది. క్లోరిన్ గదికి తాళం వేసి ఉంది. క్లోరిన్ కలిపే పోస్టులో ఉన్నవారికి తప్ప తాళంచెవి ఇవ్వకూడదు. అక్కడి వాచ్‌మన్ మంచివాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పిస్తానన్నాడు, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. తిరిగి వస్తుంటే దారిలో ఆమె నుదురు చురుక్కుమంది. నూట ఇరవై ఆరు.

గుమ్మంలో ఆదెమ్మ కుంకుమ భరిణె తీసింది. "తల వంచు తల్లీ."

"వద్దు పిన్నీ. మేం బొట్టు పెట్టుకోం. చర్చికి పోతాం గదా."

ఆదెమ్మ బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. ఆ గుమ్మంలోంచి అంతవరకూ ఒక్క అంకె కూడా బట్టబయలుగా లోపలికి రాలేదు. గుమాస్తాలు తలలు తిప్పుకున్నారు. పానకాలరావు మాత్రం తొణకలేదు.

"ఎవరి నమ్మకం వాళ్ళది, బలవంతపెట్టకూడదు ఆదెమ్మా. ఆ మందుల పెట్టెలో ప్లాస్టరుందేమో చూడు."

ఉంది. ఆదెమ్మ దాన్ని పెళ్ళికూతురికి బాసికం కట్టినంత జాగ్రత్తగా అంటించి, "నొప్పిగా ఉందా అమ్మా?" అని కూడా అడిగింది.

అంకె కనబడలేదు కనుక సున్నా. సున్నా కనుక ముత్యాలు బెంచీ మీంచి లేచాడు.

"ఆగన్నా, వాల్వు తిప్పబాక!"

"నుదురు బాగానే ఉందిగా చెల్లెమ్మా," అని ముత్యాలు సైకిలెక్కాడు.

సువార్త గంట పర్మిషన్ అడిగి, నీళ్ళకంటే ముందు పేటకు చేరాలని పరుగెత్తింది. చేరింది కూడా. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఆమె తల్లి దీనమ్మ. సువార్త ప్లాస్టరు లాగేసింది.

"ఎవరూ పట్టబాకండి! చూడండి, నూట ఇరవై ఆరు! నీళ్ళల్లో మందు కలపలేదు!"

వరసలోంచి కరుణమ్మ మెడ సాచి చూసింది. "మరి రోజూ ఎంతొచ్చేది?"

"నూట ఇరవై ఏడు."

"ఒకటి తగ్గిందిగా, నయమే," అంది కరుణమ్మ బిందె సర్దుకుంటూ. "మీ అమ్మాయి చేరినాక బాగుపడతా ఉంది దీనమ్మా."

"అమ్మా, బిడ్డకివి పొయ్యబాకండి. కాచన్నా పొయ్యండి."

"గ్యాసుంటే కాచనా? సోమారందాకా బండ రాదంట. ఇవి కాక ఇంకేం నీళ్ళున్నయ్యే మనకి? చెప్పు, అవే తెస్తా."

సువార్త నియమావళి మొత్తం గుర్తు చేసుకుంది. వేరే నీళ్ళ ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. ఈలోగా కుళాయి బుసకొట్టి, దగ్గి, నీళ్ళు వదిలింది.

"నా నడుం పట్టేసింది. నిలబడి చూస్తావేంది, నువ్వు పట్టుకురా," అని దీనమ్మ బిందె ఆమె చేతికిచ్చి ఇంట్లోకి పోయింది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. సువార్త బిందె నింపి చంకనెత్తుకుని ఇంటికి నడిచింది. అమ్మ నీళ్ళకు పంపింది, ఆమె నీళ్ళు తెచ్చింది. గుమ్మం దాటేసరికి నుదుటి మీద చక్కని సున్నా ఉంది. అక్క అది చూసి నిశ్చింతగా పాలపొడి డబ్బా మూత తీసింది.