ఖాళీగా ఉంది కదా మాస్టారూ!

ఆ రోజు ఉదయం డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గ్రంథాలయం హాల్లో తాను గోడ మీద వేసిన కొంగకు కన్ను పెట్టాలి, ఇంటికెళ్లి స్నానం చేయాలి, సాయంత్రం గురువుగారికి ఆ గోడ చూపించాలి. అంతే.

గోడకు కుడివైపు కింది మూల ఒక్క కొంగ, దాని కాళ్ల కింద సన్నటి నీటిగీత. మిగతాదంతా తెల్లటి ఖాళీ. ఆ ఖాళీని ఖాళీగా ఉంచడానికి మాస్టారు తన చేతిని తానే తిట్టుకుంటూ నెల్లాళ్లు కష్టపడ్డాడు. ఎందుకంటే, చదువుకునే రోజుల్లో గురువుగారు ఆయన బొమ్మ చూసి క్లాసులో అందరి ముందూ, "నీకు గీయడం వచ్చురా, ఆపడమే రాదు" అన్నారు. జుట్టు నెరిసినా ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. ఆ గురువుగారే ఇప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని మరీ వస్తున్నారు. ఆయన నోట ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలి.

మాస్టారు రంగులు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గోడకు ఎడమవైపు పైన, పళ్లెమంత గడియారం వేలాడుతోంది.

"ఎవరు పెట్టారిది?" అని అరిచాడు.

"నేనే," అంది లైబ్రేరియన్ సంబరంగా. "అంత గోడా ఖాళీగా ఉంది కదా మాస్టారూ!"

"అది ఖాళీ కాదమ్మా, బొమ్మే! కొంగ ఎంత బొమ్మో అదీ అంతే బొమ్మ! ముందు దాన్ని తీయించండి!"

"మేకు పీకితే పెచ్చు ఊడొస్తుందండీ. ఇంతా చేసి గోడకి చిల్లు చూపిస్తారా మీ గురువుగారికి?"

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఇక ఎవరి చూపూ కొంగ దాకా రాదు, గడియారం దగ్గరే ఆగిపోతుంది. బొమ్మలో ఒక పక్క బరువు పెరిగితే రెండో పక్కా పెంచాలని ఆయన పిల్లలకు రోజూ చెప్పే పాఠమే. పళ్లు నూరుతూ కొంగ పక్కన పడవ వేశాడు. పడవ పక్కన కొంగ కోడిపిల్లలా తేలిపోయింది. దానికి తోడుగా ఇంకో కొంగను వేశాడు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చిన భార్య గోడ ముందు కాసేపు నిలబడింది.

"ఏమండీ, ఈ రెండు కొంగలూ ఎందుకు పోట్లాడుకుంటున్నాయి?"

"పోట్లాట కాదు, లయ! ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తే లయ అంటారు!"

"ఏమో బాబూ, నాకు మాత్రం మనిద్దరం గుర్తొచ్చాం."

అన్నం ముట్టకుండా లేచి, కొంగల మధ్య రెల్లుపొద పెట్టాడు మాస్టారు. దాంతో కుడివైపు ఆకుపచ్చ ఎక్కువైంది. ఎడమవైపు కొండ లేపాడు. కొండ వెనక ఆకాశం బోసిపోయింది. మబ్బులు కుమ్మరించాడు. ప్రతి గీతకూ ఒక తిట్టు. మొదటి తిట్టు గడియారానికి, తర్వాతివి లైబ్రేరియన్‌కి, ఆ తర్వాత లోకానికి.

మంచినీళ్లు తాగడానికి పక్కకెళ్లి వచ్చేలోపు, మిగిలిన జానెడు తెలుపు మీద అటెండరు "నిశ్శబ్దం పాటించండి" అనే బోర్డు బిగించేశాడు.

"నీకు బుద్ధుందా అసలు?"

"ఇదొక్కటే ఖాళీ మిగిలింది సార్. అదృష్టం!"

ఆ బోర్డు కిందే నిలబడి మాస్టారు పెట్టిన గావుకేకకు, చదువుకుంటున్నవాళ్లు పుస్తకాలు మూసి బయటికి నడిచారు. పొద్దుటి ఒంటరి కొంగ ఇప్పుడు పొదలో మునిగిపోయి, ముక్కు మాత్రం బయటికి పెట్టి చూస్తోంది.

సాయంత్రమైంది, గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడు వినిపించింది. గురువుగారు లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకముందే ఇటు తిరగాల్సినవారు అటు తిరిగి, ఎదురుగోడ ముందు ఆగారు. సున్నం వేసిన ఆ గోడ మీద ఒక మూల స్విచ్‌బోర్డు తప్ప ఏమీ లేదు.

గురువుగారు నల్లద్దాలు సవరించుకుని గోడను పైనుంచి కిందిదాకా చూశారు.

"ఒరేయ్," అన్నారు. "ఎంత నిగ్రహంరా! ఒక్క నల్ల మచ్చ. పెట్టాల్సిన చోట పెట్టి చెయ్యి తీసేశావు. గోడంతా ఊపిరి పీలుస్తోంది. బాగుందిరా, చాలా బాగుంది!"

"అయ్యో, అది కాదండీ—" అని లైబ్రేరియన్ అనబోతుంటే, ముట్టని క్యారేజీతో ఇంకా అక్కడే ఉన్న మాస్టారి భార్య ఆమె చేయి గట్టిగా గిల్లింది.

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట వినేశాడు. దాంతోపాటే, ఆ స్విచ్‌బోర్డు బిగించిన ఎలక్ట్రీషియన్ మీద, పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా రానంత కోపం కూడా వచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, జీవితంలో మొదటిసారి ఆపేశాడు.

"ఆపడం వచ్చిందిరా నీకు," అంటూ గురువుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

పెద్దాయనకు చెమట పడుతోందని గమనించిన అటెండరు, చకచకా వెళ్లి ఆ కళాఖండాన్ని నొక్కి ఫ్యాను వేశాడు.