ఫోల్డర్ ఖాళీగా లేదు

ఇకమీదట పట్టణ ప్రజలకు ఎలాంటి ఇబ్బందులూ ఉండవని పురపాలక కార్యాలయం సగర్వంగా ప్రకటించింది. అందుకు చేయవలసిన పని కూడా పెద్దదేం కాదు. కంప్యూటర్లో 'ఫిర్యాదులు' అనే ఫోల్డర్ ఒకటుంది. శుక్రవారం తనిఖీకి వచ్చే పెద్దలకు అది కనబడకూడదు. దాన్ని తొలగించే మహత్కార్యాన్ని కమిషనరుగారు కంప్యూటర్ ఆపరేటరుకి అప్పగించారు. అది పోతే అతని తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటవుతుంది. పోకపోతే దాని బదులు అతనే పోతాడు. షరతు ఎంతో న్యాయంగా ఉందని ఆఫీసంతా మెచ్చుకుంది.

ఆపరేటరు దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు. "ఫోల్డర్ ఖాళీగా లేదు" అంది కంప్యూటరు. ఆ ఆఫీసులో ఇంత ముక్కుసూటిగా మాట్లాడినవాళ్ళు అంతకుముందెవరూ లేరు. సిబ్బంది నివ్వెరపోయారు.

వెంటనే నిపుణుల సంఘం ఏర్పడింది. సంఘం టీ తాగి, తప్పు మౌస్‌దని తేల్చింది. కొత్త మౌస్ వచ్చింది. తర్వాత బల్లని కిటికీవైపు తిప్పారు. ఆపైన ఫోల్డర్ పేరు 'అభినందనలు' అని మార్చి చూశారు. అది పొంగిపోనూ లేదు, పోనూ లేదు. చివరికి లోపలున్న ఫిర్యాదుల్ని పారిశుధ్యం వాళ్ళ ఫోల్డర్లోకి నెట్టారు. వాళ్ళు నీళ్ళ విభాగానికి నెట్టారు. వాళ్ళు వీధిదీపాల విభాగానికి నెట్టారు. వీధిదీపాల వాళ్ళు భోజనానికి వెళ్ళి ఉండటంవల్ల అవి అక్కడే స్థిరపడ్డాయి. పరిష్కరిస్తే పోతాయి కదా అని మాత్రం ఎవరూ అనలేదు. అంత అనుభవం లేనివాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

అయినా ఒక్కటి మిగిలింది. తీసేసిన ప్రతిసారీ మళ్ళీ వచ్చి కూర్చునేది. వీధిలో మూతలేని మ్యాన్‌హోల్‌లో పడి కాలు విరిగిందంటూ ఫోన్లోంచి దాన్ని పంపుతున్నది స్వయానా ఆపరేటరు తండ్రే. మంచంమీద ఆయనకి వేరే పనేం లేదు.

"నాన్నా, నా ఉద్యోగం పర్మనెంటయ్యేదాకా ఆగు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు ఆపరేటరు.

"మూత వేయించు, ఆపేస్తా."

"అది నా చేతుల్లో లేదు నాన్నా."

"మరి నీ చేతుల్లో ఏముందిరా?"

"తీసెయ్యడం."

తండ్రి కట్టుకట్టిన తన కాలివైపు చూసుకున్నాడు. కొడుకు మొహంలోకి చూశాడు. ఫోన్ తలగడకింద పెట్టేశాడు. ఆపరేటరుకి సిగ్గేసింది. ఆఫీసు చేరేదాకా ఆ సిగ్గు అలాగే ఉంది.

ఫోల్డర్ ఇప్పుడు నిజంగానే ఖాళీ. మీట నొక్కాడు. "ఈ ఫోల్డర్ ఇంకోచోట తెరిచి ఉంది" అంది కంప్యూటరు. ఎక్కడా అని వెతికితే కమిషనరుగారి గదిలో తేలింది. పోయిందా లేదా అని ఆయన పొద్దుటినుంచి తన కంప్యూటర్లో దాన్నే తెరుచుకుని, రెప్పవాల్చకుండా చూస్తున్నారు. ఆయన చూస్తున్నంతసేపూ అది పోదు. ఆ మాట ఆయనతో ఎవరనాలి? అందరూ ఆపరేటరు వీపుతట్టి లోపలికి తోశారు.

"సార్... తమరు చూడటం మానేస్తే అదే పోతుంది సార్."

కమిషనరుగారు హాయిగా వెనక్కి వాలారు. "ఓస్, ఇంతేనా! ముందే చెప్పొద్దూ? ఇన్నేళ్ళ సర్వీసులో నేను చేసింది అదేగా!" అని మూసేశారు. మరుక్షణం ఫోల్డర్ మాయమైంది.

శుక్రవారం సభలో, ప్రజల కష్టాలను కూకటివేళ్ళతో పెకలించామని కమిషనరుగారు సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. ఆపరేటరు చేతికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది.

సాయంత్రం వీధివీధంతా అభినందించడానికి అతనింటికి కదిలింది. మ్యాన్‌హోల్ దగ్గర ప్రతివాళ్ళూ అలవాటుగా పక్కకి తప్పుకుని, మాటలాపకుండానే నడిచి వచ్చారు.

"మూత వేశారా?" అన్నాడు తండ్రి మంచంమీంచి.

వచ్చినవాళ్ళు ఇబ్బందిగా గోడలు చూశారు. "శుభమా అని వస్తే ఇదేం చాదస్తం!" అని ఎవరో గొణిగారు. ఆపరేటరు ఒకపక్క, పక్కింటాయన ఇంకోపక్క పట్టుకుని మంచాన్ని వెనకగదిలోకి జరిపి, తలుపు దగ్గరగా వేశారు.

మంచం పోవడంతో ముందుగది ఖాళీ అయింది. మీరూ రావచ్చు, కూర్చోవడానికి కావలసినంత చోటుంది. దారిలో ఆ మ్యాన్‌హోల్ దగ్గర ఎలా నడవాలో మీకు వేరే చెప్పక్కర్లేదు.