పెరిగిన దూడకే దాణా

దేశం ముందుకు పోవాలంటే ముందు పెయ్యదూడలు పెరగాలి. అవి పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, మాంసకృత్తులు అందాలంటే యాప్ కావాలి. వీటిలో యాప్ ఇప్పటికే సిద్ధమైందని 'లేగదూడల వృద్ధి పర్యవేక్షణ విభాగం' (ఇలాంటిది ఒకటుందని దూడలకు ఇంకా తెలియదు) జగిత్యాలలో సభ పెట్టి ప్రకటించింది.

కోరుట్ల దగ్గరి పల్లెలో ఉండే వజ్రమ్మకు ఆరు నెలల పెయ్య ఉంది. వట్టి వరిగడ్డి తిని దాని పొట్ట ఉబ్బింది, పక్కటెముకలు తేలాయి. బలమైన దాణా పడితే రెండున్నరేళ్లకు ఈనుతుంది. పడకపోతే ఇంకో ఏడాదిన్నర ఊరికే మేపాలి. ఇంట్లో ముసలి ఆవు వట్టిపోయేలా ఉంది కాబట్టి వజ్రమ్మ ఆశంతా ఈ పెయ్య మీదే.

నియమం చాలా సులువు. విభాగం మనిషి దశరథం నెలనెలా వచ్చి టేపుతో దూడ ఛాతీ కొలిచి ఫోన్‌లో ఎక్కిస్తాడు. మొదటి కొలత తీసి, మొదటి బస్తా అందరికీ ఇస్తారు. రెండో బస్తా నుంచి పెరిగిన దూడకే. (పెరగని దూడకు పెడితే ప్రజాధనం వృథా అవుతుందట.)

మొదటి బస్తా పల్లిచెక్క దాణా తిని పెయ్య నెలకల్లా నిగనిగలాడింది, కట్టుకొయ్య చుట్టూ గంతులు వేసింది. దశరథం టేపు చుట్టి కొలత చదవబోయాడు.

"మెల్లగ తమ్మీ," అంది వజ్రమ్మ. "గోడమీదికెల్లి పక్కింటి లింగవ్వ చూస్తనే ఉంది. దిష్టి తాకుతది. బెత్తెడు తక్కువ చెప్పు."

"గంత మాత్రం నాకెర్కలేదా అక్కా."

దశరథం కూడా పిల్లలున్నవాడే. బెత్తెడు తగ్గించి లింగవ్వకు వినబడేలా చెప్పాడు. నోటితో ఒకటి చెప్పి ఫోన్‌లో మరొకటి రాయడం తప్పనిపించి, చెప్పిందే రాశాడు. (నిజాయితీ గల ఉద్యోగి.)

ఆ విధంగా పెయ్య అధికారికంగా కుంచించుకుపోయింది. రెండో బస్తా ఆగిపోయింది.

వజ్రమ్మ పెయ్యను ఆటో ట్రాలీలో ఎక్కించుకుని జగిత్యాల పోయింది. ఉప పర్యవేక్షకుడు మహిపాల్ పెయ్యను చూసి, ఫోన్‌ను చూసి, ఫోన్‌నే నమ్మాడు.

"గిది మంచిగనే పెరిగింది గదమ్మా."

"పెరిగింది సారూ. గందుకే దాణా ఇయ్యిండ్రి."

"ఫోన్ల పెరగలే. ఒక్కపారి ఆగిన దూడను మల్ల కొలువనియ్యదు గిది. ఏడికెల్లి తెచ్చినవ్?"

"సిరిసిల్ల దిక్కు కోనరావుపేట. మా చెల్లె ఇచ్చింది."

"అయితె చెవిబిల్ల సిరిసిల్లది. గాడ అడుగు."

సిరిసిల్లలో, పెయ్య ఎక్కడుంటే అక్కడే అడగమన్నారు.

పెయ్య మళ్లీ వరిగడ్డికి వచ్చింది, గంతులు మానేసింది. ముసలి ఆవు వట్టిపోయింది. వజ్రమ్మ ఇంట్లో చాయ్ నల్లగా మారింది. తన నోటితో తానే తగ్గించి చెప్పించానని ఆమె చాలా ఏడ్చింది. (దిష్టి మాత్రం తగల్లేదు.) రెండున్నరేళ్లకు ఈనవలసిన పెయ్య నాలుగేళ్లకు ఈనింది. పుట్టింది చిన్న పెయ్య, తల్లిలాగే బక్కది.

దశరథం దాన్ని నమోదు చేయడానికి వచ్చాడు. తల్లి చెవిబిల్ల నంబరు రెండుసార్లు కొట్టి చూశాడు. యాప్ వయసు చూడదు, కొలతే చూస్తుంది.

"అక్కా, తల్లి ఇంక దూడనే అని చూపిస్తంది. దూడకు దూడ పుట్టిందంటే తీస్కుంటలేదు."

"మరి నా లేగకు దాణా ఎట్ల తమ్మీ?"

దశరథం మహిపాల్‌కు ఫోన్ చేశాడు. ఆయన నియమాలన్నీ ఓపిగ్గా తిరగేసి చెప్పాడు.

"తల్లి పెద్దగయ్యేదాక ఆగుమను."