చాలంటే చాలదు

షాద్‌నగర్ కౌసల్య ఆ పొద్దున కళ్ళు చూపించుకోవడానికి మహబూబ్‌నగర్ దవాఖానకు బయలుదేరింది. బస్సు జడ్చర్ల దాటాక గాని గుర్తు రాలేదు, ఇంట్లో మోటరు ఆపలేదని. ట్యాంకు నిండితే నీళ్ళు పైపులోంచి పక్కింటి అజీజా బేగం డాబా మీద పడతాయి. ఆ పైపు మీద పంచాయితీ అయి ఇద్దరికీ మాటల్లేవు. పైగా అజీజా బేగం మొన్ననే కూతురి గదికి కొత్త స్లాబు పోయించింది.

మేడ మీద కిరాయికుండే బిహారీ కుర్రాడు రామ్‌ప్రవేశ్‌కు ఫోన్ చేసింది.

"బిడ్డా, మోటర్ చాలు! ఇగ చాలు!"

రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు కళ్ళు నులుముకుంటూ చెవి ఒగ్గాడు. అతని భాషలో చాలు అంటే నడుస్తున్నట్టు. కింద మోటరు గుర్రుమంటూనే ఉంది.

"హా అమ్మాజీ, చాలు హై!"

"మంచిగ చూసినవా?"

"ఏక్‌దమ్ చాలు!"

కౌసల్య ఊపిరి పీల్చుకుంది. ఇంటి దగ్గర కాసేపటికి కరెంటు పోయి వచ్చింది. అమ్మాజీ అంతగా చెప్పింది కదా అని రామ్‌ప్రవేశ్ దిగివచ్చి మోటరు మళ్ళీ వేసి మరీ పడుకున్నాడు.

దవాఖానలో కంట్లో చుక్కలు వేసుకుని కూర్చున్న కౌసల్యకు ఫోన్ వచ్చింది.

"అక్కా! మీ నీళ్ళన్నీ మా కొత్త స్లాబు మీద..."

అజీజా బేగం గొంతు. అంతలోనే కట్ అయింది. కౌసల్య వెంటనే రామ్‌ప్రవేశ్‌కు ఫోన్ కలిపింది.

"చాలు రా నాయినా, చాలు!"

"చాలు హై అమ్మాజీ! బిజ్లీ గయీ థీ, ఫిర్‌సే చాలు కియా!"

పక్క కుర్చీలోని ముసలాయన, ఫక్రుద్దీన్, ఫోన్‌లోంచి వినబడ్డ మాటలకు నవ్వాడు. "అమ్మా, ఆయన ఆపలే. మీ చాలు తెలుగుది, సరిపోయిందని. ఆయన చాలు హిందీ చల్‌నాలకెల్లి వచ్చింది, నడుస్తాందని." ఫోన్ అందుకుని, "బంద్ కరో బేటా," అన్నాడు.

పని మొదలైతే చాలైందని తానూ రోజూ అంటుందని కౌసల్యకు అప్పుడు తట్టింది.

ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలో తెలియక దారంతా నలిగిపోయింది. వాకిట్లోనే ఎదురొచ్చిన అజీజా బేగం ఆమె చేతులు పట్టుకుంది.

"స్లాబుకు నీళ్ళు కొట్టే బక్కయ్య ఇయ్యాల రానేలే అక్కా! మా నల్లాల చుక్క లేదు. గీ ఎండకు పగుళ్ళొస్తయని ఏడుస్తున్న. గప్పుడే మీ నీళ్ళు వడ్డయి, స్లాబంత తడిసింది! గదే చెప్దామని ఫోన్ చేస్తే కట్ అయింది."

కౌసల్య గడప మీద కూలబడి, కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

సాయంత్రం అజీజా బేగం గిన్నెడు ఖీర్ పంపింది. కౌసల్య మూడోసారి వడ్డించబోతే రామ్‌ప్రవేశ్ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు గాని, చాలు అని మాత్రం అనలేదు.