లాప్‌టాప్‌కి ఉక్కపోత

గేములాడే లాప్‌టాప్ వేడెక్కడం శాపం అనేవాళ్లకు సంసారం అంటే ఏమిటో తెలియదు! అది ఇంటికి పట్టిన అదృష్టం. నమ్మకపోతే ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో రిచర్డ్ క్వార్టర్స్‌కి వెళ్లి ఆయన భార్య సూసన్నను అడగండి. మే నెలలో వెళ్లండి. వంట వేళకి వెళ్లండి.

రిచర్డ్ రైల్వేలో ట్రెయిన్ ఎగ్జామినర్. బండి ఆగగానే ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి, ఇరుసు పెట్టె మీద చేతి వెనకవైపు ఆనించి వేడి చూడటం ఆయన పని. వేడెక్కిపోయిన దాన్ని హాట్ బాక్స్ అంటారు. అది కనిపెట్టకపోతే బండి పట్టాలు తప్పుతుంది. అంత బాధ్యత గల మనిషి తొంభై తొమ్మిదిలో కలకత్తా వెళ్లి ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. దేనికంటారా? కార్ల రేసు ఆడటానికి! పొద్దస్తమానం రైళ్లు చూసిన కళ్లకు కాస్త మార్పు ఉండొద్దూ?

లాప్‌టాప్ అంటే ఒళ్లో పెట్టుకునేదట. మొదటి రోజు ఒళ్లోనే పెట్టుకున్నాడు. రేసు సగంలో ఉండగానే తొడలు కాలి గంతేశాడు. అప్పటినుంచి దాన్ని టేబుల్ మీద పెట్టి, రేసుకీ రేసుకీ మధ్య చెయ్యి తిప్పి, వెనకవైపుతో తాకి, "హాట్ బాక్స్" అంటాడు. గదిలో ఎవరూ లేకపోయినా అంటాడు.

మలంచా బజారులో రిపేరు చేసే బెంగాలీ దాదా దాన్ని అటూ ఇటూ తిప్పి, బాగా గాలి తగిలేలా ఉంచమన్నాడు. రిచర్డ్‌కి అది సువార్తలా వినిపించింది. ముందుగదిలో సీలింగ్ ఫ్యాన్ ఉంది గానీ, అది రిచర్డ్‌కి. మెషిన్‌కి వేరే ఉండాలి కదా! ఇంట్లో ఇంకొకటే ఫ్యాన్. క్రిస్మస్‌కి సూసన్న వాళ్ల అన్న దావీదు చెల్లెలికని తెచ్చి ఇచ్చిన టేబుల్ ఫ్యాన్. గాలి పొయ్యికి తగలకుండా తన వీపుకి మాత్రం తగిలేలా ఆమె దాన్ని వంటింటి మూల పెట్టుకుంది. ఆ సాయంత్రమే దానికి ముందుగదికి బదిలీ అయింది.

"రెండ్రోజులే. దీని వేడి తగ్గగానే తెచ్చిచ్చేస్తాను" అన్నాడు రిచర్డ్.

"మే నెల్లో ఏటి తగ్గుతాది?" అంది సూసన్న. అని, పొయ్యి వెలిగించింది.

లాభాలు మాత్రం తక్కువా? పూర్వం రిచర్డ్ డ్యూటీ దిగి క్లబ్బులో పేకాటకు కూర్చునేవాడు. ఇప్పుడు నేరుగా ఇంటికొస్తున్నాడు. వచ్చి పెళ్లాం ముఖం చూడకపోతేనేం, వస్తున్నాడు! పక్కింటి జోగమ్మ వడియాల పళ్లెం తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టి పోతోంది. ఎండలో పెడితే కాకులు ముట్టుకుంటాయి, ఇక్కడ ఆ బెడద లేదు. చలికాలంలో ఇడ్లీ పిండి కూడా పొంగుతుందని ఆవిడ ఆశ.

ఇక లోడ్ షెడ్డింగ్! కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది గానీ, బ్యాటరీ పుణ్యమా అని రేసు ఆగదు. అప్పుడు రిచర్డ్‌కి భార్య గుర్తొస్తుంది. ఎంత ముచ్చట!

"సూసన్నా, విసనకర్ర అట్టుకుని ఓపాలి రా."

ఆమె చెమటలు కక్కుతూ వచ్చి ఆయనకు విసరబోయింది.

"నాకు కాదు, దానికి" అన్నాడు.

కష్టంలోనూ సుఖంలోనూ తోడుంటానని చర్చిలో ప్రమాణం చేసిన మనిషే ఆమె. లాప్‌టాప్ ఊసు ఆ ప్రమాణంలో లేదు. సూసన్నకు ఒళ్లు మండిపోయింది. అయినా బ్యాటరీ అయిపోయేదాకా విసిరింది.

మర్నాడు సాయంత్రం రిచర్డ్ ఆకలేసి వంటింటి వైపు వెళ్తే, మూసిన తలుపు మీద సుద్దతో ఇంత పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో 'సిక్' అని రాసి ఉంది. హాట్ బాక్స్ దొరికిన వ్యాగన్ మీద ఎగ్జామినర్లు రాసే మాట అది. అది రాశాక వ్యాగన్ని బండి నుంచి విడదియ్యాల్సిందే. మళ్లీ ఎగ్జామినర్ చూసి 'ఫిట్' అనేదాకా ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా కదిలించడానికి లేదు. రిచర్డ్ ఆ మాటను కాదని ఏనాడూ అడుగు ముందుకు వెయ్యలేదు. గడప దగ్గరే ఆగిపోయాడు.

సూసన్న వరండాలో తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఏటిది?" అన్నాడు.

"హాట్ బాక్స్. బండి ఆగిపోనాది. ఎగ్జామినర్ గారు లోపలికెళ్లి సూసి రాయాల."

రూలు రూలే. ఎగ్జామినర్ గారు లోపలికెళ్లారు. పడమటి గోడ రోజంతా ఎండకు కాగి ఉంది. ఆమె కూర్చునే పీట ఆ గోడకూ పొయ్యికీ మధ్యన ఉంది. కాసేపటికి చొక్కా వీపుకి అతుక్కుపోయి బయటపడ్డాడు.

"ఇంత వేడేటి సూసన్నా? ఎప్పట్నించి?"

"మా దావీదన్న ఫ్యానున్న నాలుగు నెల్లు తీసేస్తే, పెళ్లయిన కాడ్నించి."

రిచర్డ్ సిగ్గుపడ్డాడు, పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. పూరీ గేట్ దగ్గరి హోటల్ దాకా పోయి రొట్టెలూ కూరా కొనుక్కొచ్చాడు. తెల్లారగానే ఫ్యాన్‌ను వంటింట్లో పెట్టి, తలుపు మీద 'ఫిట్' అని స్వహస్తాలతో రాశాడు. సూసన్న ఆ పూట వీపుకి గాలి తగులుతుంటే పాట పాడుకుంటూ వంట చేసింది.

సాయంత్రం అన్నం వార్చి ఇటు తిరిగేసరికి ఫ్యాన్ ముందు లాప్‌టాప్ ఉంది. లాప్‌టాప్ ముందు కుర్చీలో రిచర్డ్ ఉన్నాడు.

"ఇక్కడైతే ఇద్దరికీ గాలొస్తాది" అన్నాడు, ఎంతో ప్రేమగా. ఆ ఇద్దరూ ఎవరెవరో సూసన్న అడగలేదు.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్లారా, వేడెక్కడం వరమే. కాకపోతే వేడెక్కేది మెషిన్ అయి ఉండాలి. మీ ఇంట్లో పాత వైరూ ప్లగ్గూ ఏమైనా పడి ఉంటే కొంగుకి ముడేసుకుని తిరగండి. మీ ఆయన కంగారుపడి, మీరు కాలిపోతున్నారేమోనని ఒకసారి చూస్తాడు.