ఎరేజ్ నొక్కండి, నిశ్చింతగా ఉండండి

కారుకి ఇంజిన్ ఎందుకండీ? అరచేతిలో పట్టే స్కానర్ ఒకటి ఉంటే చాలదూ!

నవ్వకండి, ఆలోచించే చెబుతున్నాను. ఇంజిన్ అన్నాక వేడెక్కుతుంది, పొగ వదులుతుంది, పరువు పోయే చోటు చూసుకుని మరీ మొరాయిస్తుంది. స్కానర్‌కి ఈ అవలక్షణాలు లేవు. స్టీరింగ్ కింద, మోకాళ్లు తగిలే చోట ఒక సాకెట్ ఉంటుంది. స్కానర్ వైరు తెచ్చి అందులో గుచ్చితే తెర వెలుగుతుంది. ఇంజిన్‌కి ఏ రోగం వచ్చిందో ఒక అక్షరం, నాలుగంకెలు కలిపి కోడ్ రూపంలో చెప్పేస్తుంది. దాని అర్థమేమిటో మీకు తెలియక్కర్లేదు. కింద రెండు బటన్లుంటాయి. ఒకటి కోడ్ చదవడానికి, రెండోది చెరిపేయడానికి. మానవజాతి ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఆ రెండో బటన్ కోసమే.

దాని మహిమ తెలియాలంటే ఆఫీసరుగారి సంగతి వినాలి. వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగానికి పెద్ద. కుళాయిలో నీళ్లు రావడం లేదని ఎవరో పోర్టల్లో మొర పెట్టుకుంటారు. ఆఫీసరుగారు కళ్లద్దాలు సవరించుకుని ఆసాంతం చదువుతారు. అయ్యో పాపం అనుకుంటారు. తర్వాత ‘పరిష్కరించడమైనది’ అన్న చోట నొక్కుతారు. నీళ్లు రావు, కానీ ఫిర్యాదు పోతుంది. సాయంత్రం ఇంటికి బయలుదేరేసరికి తెర మీద పెండింగ్ అన్నచోట సున్నా ఉంటుంది. ఆ సున్నా చూసి పైవాళ్లు ఆయన్ని సభ పెట్టి మరీ మెచ్చుకున్నారు. ఊళ్లో సగం మంది బిందెలు పట్టుకుని లైన్లో నిలబడి ఉండటం వల్ల ఆ సభకు రాలేకపోయారు.

ఇంతటి మనిషి చేతికి స్కానర్ దొరికితే ఇంకేముంది? చిన్నప్పుడే తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టయింది.

కారు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలగడం, ఆయన వైరు గుచ్చడం, కోడ్ కనిపించడం, ఎరేజ్ నొక్కడం, లైటు ఆరిపోవడం. కాఫీ చల్లారేలోపు రిపేరు పూర్తి! బానెట్ ఎత్తక్కర్లేదు, చేతికి మసి అంటదు. ఇదివరకటి మూర్ఖులు ఇంజిన్ బాగుచేసి లైటు ఆర్పేవారట. ఎంత చుట్టుదారి!

ఆయన ఖ్యాతి వీధిలో ఇట్టే పాకింది. పక్కింట్లో రిటైరైన డ్రాయింగు మాస్టారి కారు ఒకరోజు ఒక పక్కకి ఒరిగిపోయి కుంటుతూ వచ్చింది. ఆఫీసరుగారు స్కాన్ చేసి, ఏ లోపమూ లేదని తేల్చారు. టైరు పంక్చరయిన సంగతి స్కానర్‌కి తెలియదు మరి. మాస్టారు నిబ్బరంగా ఆ చక్రం మీదే ఇంకాస్త దూరం తిరిగొచ్చారు. ఇంకొకాయన కారు తాళం ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. దానికీ కోడ్ లేదు. కారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉందనీ, కేవలం కదలడం లేదనీ ఆఫీసరుగారు ధ్రువీకరించారు. ట్యాంకులో పెట్రోలు లేదని ఆ తర్వాతెప్పుడో బయటపడింది కానీ, అది కారు తప్పు కాదు కదా.

ఇలాంటి సుఖాల మధ్య ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆయన కారు నడిపేది ఆయన కాదు. ఆయనకి ఆఫీసు జీపు ఉంది. ఇంటి కారు నడిపేది ఆయన భార్య.

ఆవిడ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. పొద్దున్నే కూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఫ్లైఓవర్ దాటి బడి దగ్గర దింపి, అటునుంచి అటే డ్యూటీకి పోతుంది. ఒక సాయంత్రం వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా అంది.

“ఏవండీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కారు గిలగిల్లాడుతోంది. ఎంత తొక్కినా పైకి లాగట్లేదు. వెనకాల లారీలు ఒకటే హారన్. నాకు భయంగా ఉంది.”

“లైటు వెలిగిందా?”

“వెలిగింది.”

“అదా సంగతి,” అని ఆఫీసరుగారు ఉత్సాహంగా లేచి స్కానర్ తీశారు. లైటు ఆరిపోయింది. తిరిగొచ్చి సోఫాలో కూర్చుంటూ, “అయిపోయింది,” అన్నారు.

వారం తిరక్కుండానే మళ్లీ అదే మాట. మళ్లీ స్కానర్, మళ్లీ ఎరేజ్. ఆ తర్వాత ఇంకోసారి. “మీరోసారి నడిపి చూడండి,” అని ఆవిడ అంటే, “నడిపితే ఏం తెలుస్తుంది?” అని ఆయన జాలిపడ్డారు. నిజమే కదండీ, కారు గురించి తెలుసుకోవడానికి కారు నడపడం ఎంత నాటు పద్ధతి!

చివరికి ఆవిడ పోరు పడలేక వర్క్‌షాపుకి తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు. బయలుదేరే ముందు గబగబా కారు దగ్గరికెళ్లి కోడ్లన్నీ చెరిపేశారు. ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లేదాన్ని ముఖం కడగకుండా ఎలా తీసుకెళ్తాం? పెద్దసారు తనిఖీకి వస్తున్నారంటే ఆఫీసులో కూడా ఆయన ముందు చేసే పని అదే.

వర్క్‌షాపులో మెకానిక్ ఎవరో చాదస్తపు ముసలాయన అనుకునేరు. కాలర్ మీద కంపెనీ బొమ్మ కుట్టిన చొక్కా, చేతిలో ఆఫీసరుగారి దానికంటే పెద్ద స్కానర్. గుచ్చాడు, చూశాడు, పీకాడు.

“ఏం లేదు సార్. బండి బంగారం,” అన్నాడు.

“ఎత్తు ఎక్కేటప్పుడే వస్తుందండీ,” అంది ఆవిడ. “ఒకసారి మీరు నాతో వచ్చి చూస్తే తెలుస్తుంది.”

“కోడ్ లేకుండా ఏమని చూడమంటారమ్మా?”

“నేను చెబుతున్నాను కదా.”

“మీరు చెబితే కాదమ్మా, బండి చెప్పాలి,” అన్నాడు మెకానిక్.

ఆఫీసరుగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, దారంతా దాన్నే తలుచుకుని మురిసిపోయారు. ఆయన పక్కన కూర్చుని కారు నడుపుతున్న ఆవిడకి ఎందుకు నచ్చలేదో ఆయనకి అంతుపట్టలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, పొద్దున్న పూట, ఆయన ఆఫీసులో అప్పుడే కుర్చీ లాక్కుంటుండగా ఫోన్ మోగింది.

“కారు ఆగిపోయింది.” అవతల భార్య. “ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మధ్యలో ఆగిపోయింది. వెనక లారీవాడు ఎలా ఆపాడో ఏమో, జానెడు దూరంలో ఆపాడు. పాప వెనక సీట్లో ఉందండీ.”

ఆఫీసరుగారు లాక్కుంటున్న కుర్చీని అలాగే వదిలేశారు. అబద్ధమెందుకు చెప్పాలి, ఆయనకి కూతురంటే ప్రాణం. ఏదో ఒకటి అడగాలి, ఏమడగాలో తెలియలేదు. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

“లైటు వెలిగిందా?”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పరుగు పరుగున జీపులో వెళ్లారు. కారుని ఎవరో నలుగురు కలిసి పక్కకి తోసిపెట్టారు. ఫ్లైఓవర్ గోడకి ఆనుకుని తల్లీ కూతుళ్లు నిలబడి ఉన్నారు. పాప బడి సంచిని గుండెలకి గట్టిగా హత్తుకుని ఉంది. ఆఫీసరుగారు పిల్ల తల నిమిరారు, భుజాలు తడిమారు, ఎక్కడా దెబ్బ తగల్లేదని రెండుమూడుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. కళ్లు తుడుచుకున్నారు. కాసేపు మామూలు మనిషిలాగే ఉన్నారు. ఆ తర్వాత కారు తలుపు తీసి, వంగి, జేబులో ఎప్పుడూ ఉండే స్కానర్ తీసి గుచ్చారు.

ఈసారి కోడ్ ఉంది. మంచి నిండు కోడ్. దాని పక్కనే కారు ఆగిన క్షణంలో ఎంత వేగంలో ఉందో, ఇంజిన్ మీద ఎంత భారం పడిందో కూడా రాసి ఉంది.

“ఇదిగో, దొరికింది!” అన్నారు ఆఫీసరుగారు. “భారం పడ్డప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు సరిగ్గా అందట్లేదట. అందుకే ఎత్తు ఎక్కలేకపోతోంది.”

“నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే కదండీ,” అంది ఆవిడ.

“నువ్వు ఊరికే గిలగిల్లాడుతోందన్నావు. ఇందులో చూడు, ఎంత స్పష్టంగా ఉందో.”

చూపిద్దామని తెరని ఆవిడ వైపు తిప్పారు. తిప్పుతుండగానే ఆయన బొటనవేలు, ఎవరూ చెప్పకుండా, ఎన్నాళ్లుగానో చేస్తున్న పని చేసేసింది. ఆవిడ చూసేసరికి తెర మీద ఏమీ లేదు.

“చెరిపేశారా?”

“ఆఁ, మరి? ఇప్పుడు స్టార్ట్ చేసి చూడు.”

ఆవిడ కదల్లేదు. ఆయనే కూర్చుని తాళం తిప్పారు. ఇంజిన్ ఈపాటికి చల్లారింది కాబట్టి ఒక్క తిప్పుకే అందుకుంది. పసుపు లైటు లేదు. ఆఫీసరుగారు విజయగర్వంతో తల బయటికి పెట్టారు. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని ఫ్లైఓవర్ దిగిపోతోంది. బస్టాపు వైపు.

మర్నాటి నుంచి ఆవిడ, ఆసుపత్రిలో తనతో పనిచేసే నర్సు కారులో వెళ్తోంది. పాపని కూడా ఆ నర్సే బడి దగ్గర దింపుతోంది. ఇంటి కారు షెడ్డులో ఉంది. ఆఫీసరుగారు ప్రతి ఆదివారం దాని మీద దుమ్ము తుడిచి, సాకెట్లో వైరు గుచ్చి చూసుకుంటారు. ఇన్ని వారాలైనా ఒక్క కోడూ రాలేదు! చెప్పండి, ఏ మెకానిక్ ఇవ్వగలడండీ ఇలాంటి గ్యారంటీ?

అన్నిటికంటే విశేషం, ఇంట్లో కూడా పోరు పూర్తిగా తగ్గింది. భార్య ఇప్పుడు దేని గురించీ ఆయనకి చెప్పడం లేదు. వంటింటి కుళాయి కారుతోందని చెప్పలేదు, తనే మనిషిని పిలిపించి బాగుచేయించుకుంది. పాపకి జ్వరమొచ్చి బడి మానేసిన సంగతి ఆయనకి డ్రాయింగు మాస్టారు చెబితే తెలిసింది. ఏ భర్తకండీ ఇంత ప్రశాంతత! “ఈమధ్య మా ఇంట్లో ఒక్క కంప్లయింటూ లేదు మాస్టారూ,” అని ఆఫీసరుగారు గోడ మీదుగా గొప్పగా చెప్పుకున్నారు కూడా.

కాబట్టి పాఠకులారా, ఆలస్యం చేయకండి, ఇవాళే ఒకటి కొనుక్కోండి. మీకు కారు లేకపోయినా సరే. ఎదుటివాళ్లు చెప్పేది వినే శ్రమ ఇక తప్పినట్టే.

నిన్న సాయంత్రం నర్సు కారు గేటు ముందు ఆగింది. తలుపు తెరుచుకోకముందే లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. పాప ఏదో కథ చెబుతోంది, తల్లి మధ్యలో అడ్డు తగులుతోంది, నర్సు పడీ పడీ నవ్వుతోంది. కారు ఆగాక కూడా ఆ కబుర్లు తెగలేదు. హాల్లో కూర్చున్న ఆఫీసరుగారికి మాటలు తెలియడం లేదు, నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి. చాలాసేపటికి తల్లీ కూతుళ్లిద్దరూ దిగి, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాట్లాడటం ఆపేశారు.

“ఏమ్మా, ఏంటి ఇవాళ్టి విశేషాలు?” అని ఆయన ఆప్యాయంగా అడిగారు.

“ఏం లేవు నాన్నా,” అంది పాప.

ఆఫీసరుగారు తృప్తిగా తలూపి టీవీ వైపు తిరిగారు.