ఆన్‌లైన్‌లో కుట్టుమిషను దానం

దానం చేయాలంటే ముందుగా కంప్యూటర్ కొనుక్కోవాలి. లేనివాళ్ళు పుణ్యం మీద ఆశ వదులుకోవడం మంచిది!

నవ్వకండి. మా ఏలూరులో ఇంటర్నెట్ గ్రూపు ఒకటుంది. ఇంట్లో అక్కర్లేని వస్తువు గురించి అందులో మెయిల్ పెడితే, కావలసినవారు వచ్చి ఉచితంగా పట్టుకుపోతారు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు పెద్దలు. పాపం, వాళ్ళకి నెట్ కనెక్షన్ లేదు. ఇప్పుడు రెండు చేతులతో టైపు చేస్తేగానీ దానం పూర్తికాదు, రెండువందల మంది మెంబర్లకి తెలిస్తేగానీ పుణ్యం రాదు.

ఎంత సేవ జరుగుతోందో చూడండి. అత్తిలి నుంచి బయల్దేరిన ఎక్సర్‌సైజ్ సైకిలు ఇప్పటికి ఏడిళ్ళు తిరిగింది. ఒక్కరూ తొక్కలేదు గానీ, అందరూ తడి తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. కొల్లేరు పక్కన నాలుగు చేపల చెరువులున్న సుబ్బరాజుగారు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కోసం 'అర్జెంట్' అంటూ మూడు మెయిళ్ళు పెట్టారు. ఉచితం అన్నమాట వినపడితే కలిగినవారికి కూడా ఎంత లేమి పుట్టుకొస్తుందో!

మా ఇంట్లో కుట్టుమిషను ఉండేది. మా ఆవిడ వెంకటసుబ్బలక్ష్మి దాన్ని ముట్టుకుని పదేళ్ళయింది. నాలుగు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి పందొమ్మిది మెయిళ్ళు! ఎవరికివ్వాలి? బాగా ఆలోచించి, అందరికన్నా ఇంగ్లీషు బాగున్న తాడేపల్లిగూడెం సోమసుందరంగారికిచ్చాను. 'హంబుల్ రిక్వెస్ట్' అని మొదలుపెట్టి, ఒక్క స్పెల్లింగు తప్పు లేకుండా మూడు పేరాలు రాశారాయన. పాత్రత అంటే అదీ!

ఆదివారం ఆయన వ్యాను వేసుకొచ్చారు. మా పనిమనిషి మరియమ్మ ఓ చెయ్యి వేసి మిషను మెట్లు దింపింది. వారం తిరక్కుండా సోమసుందరంగారు గ్రూపులో ఫొటో పెట్టారు. కుట్టే భాగం ఊడదీసి, స్టాండు మీద అక్వేరియం పెట్టుకున్నారు. కొల్లేరు దగ్గరే ఉన్నా, చేపల్ని అద్దంలోంచి చూసే భాగ్యం అందరికీ ఉంటుందా?

ఆ ఫొటో మా ఆవిడకి చూపిస్తుంటే, గచ్చు తుడుస్తున్న మరియమ్మ తలెత్తి చూసింది.

"మన మిషనే కదండీ అది? మా జెస్సీ చర్చి హాల్లో ఏడాదిపాటు కుట్టుపని నేర్చుకుందండీ. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మిషను కొనలేక మళ్ళీ పెదవేగి పామాయిల్ తోటల్లో పనికెళ్తందండీ."

"ముందే అడక్కపోయావా?" అన్నాను. అడగందే అమ్మయినా పెట్టదు కదా!

"మీకు అక్కర్లేదని నాకేం తెలుసండీ? వాళ్ళు మీ చుట్టాలాండీ?"

"కాదు. ఎవరో నాకూ తెలీదు. గ్రూపు గొప్పతనమే అది."

మరియమ్మ గుడ్డ పిండుకుంది. "మరి మేం మీకు తెలుసు కదండీ," అంది, ఎప్పటిలాగే మెత్తగా.

పదకొండేళ్ళుగా మా ఇల్లు తుడుస్తున్న మనిషి. నాకు సిగ్గేసింది, అబద్ధమెందుకు? మర్నాడే సోమసుందరంగారికి మెయిల్ పెట్టాను. 'ఆ కుట్టే భాగం మీకెలాగూ అక్కర్లేదు, మా మరియమ్మ కూతురికి ఇప్పించండి' అని.

వెంటనే జవాబొచ్చింది. ఇవ్వడానికి ఆయనకి అభ్యంతరమేమీ లేదట. కానీ గ్రూపులో వచ్చిన వస్తువుని మెంబరు కానివాళ్ళకి ఇవ్వకూడదని రూలు ఉందట. జెస్సీని ఈమెయిల్ తెరిచి, గ్రూపులో చేరి, ఇంగ్లీషులో రిక్వెస్ట్ పెట్టమన్నారు.

అంత గొప్ప రూలు రాసిన పెద్దమనిషి ఎవరంటారా? గ్రూపు పెట్టిన నేనే!